బార్బెక్యూ పోటీల ఫీజు: జట్లకు రావలసిన లెక్క

మా జట్టు ఖర్చుల పుస్తకంలో గత సంవత్సరపు పేజీ ఒకటి నా ముందు తెరిచి ఉంది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, ఒక చిన్న పట్టణంలో జరిగిన బార్బెక్యూ పోటీకి, అంటే మాంసాన్ని పొగ మీద గంటల తరబడి వండే పోటీకి, మేము కట్టిన సొమ్ము వివరం అందులో ఉంది. ప్రకటనలో ఎంట్రీ ఫీజు 300 డాలర్లు అని వేశారు. 30 ఆంప్స్ కరెంటు కనెక్షనుకు 45, మా ట్రైలరు వారు కేటాయించిన స్థలం కంటే ఆరు అడుగులు పొడవు ఎక్కువైనందుకు 50, శుక్రవారం ఉదయానికి బదులు గురువారం సాయంత్రమే లోపలికి రావడానికి 40, ఆన్‌లైన్‌లో చెల్లించినందుకు 14. ఫారం తెరిచినప్పుడు 300 అనుకున్నది, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి 449 అయింది.

ఎనిమిదేళ్లుగా మేము నలుగురం కలిసి ఈ పోటీలలో వండుతున్నాము. పొగ దగ్గర నిద్ర మానుకుని గడిపే ఆ రాత్రులంటే నాకు ప్రాణం. అందుకే పక్క జట్ల వాళ్లు కాఫీ కప్పు చేతబట్టుకుని “ఈ ఫీజులు అన్యాయం కాదా?” అని అడిగినప్పుడల్లా, అవునని తేలికగా అనలేకపోయాను, కాదని కొట్టిపారేయనూ లేకపోయాను. ఇన్నాళ్లకు నాకొక స్పష్టత వచ్చింది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పోటీల సంగతి తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. అమెరికాలో ఇలాంటి పోటీలకు నియమావళిని, న్యాయనిర్ణయ పద్ధతిని సమకూర్చే సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిలో 1985లో ఏర్పడిన కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ చాలా పెద్దది. దాని నియమాల ప్రకారం చికెన్, పంది పక్కటెముకలు, పంది భుజం మాంసం, బ్రిస్కెట్ అనే గొడ్డు రొమ్ము మాంసం, ఈ నాలుగూ వండాలి. తనిఖీ పూర్తయ్యే వరకు మాంసానికి ఉప్పు కూడా తగలకూడదు. కట్టెలు, బొగ్గు, చెక్క పొట్టు గుళికలు తప్ప గ్యాసు మీద గాని కరెంటు వేడి మీద గాని వండకూడదు. శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు చికెన్‌తో మొదలుపెట్టి అరగంటకొకటి చొప్పున నాలుగు పెట్టెలు న్యాయనిర్ణేతల గుడారానికి చేర్చాలి. ఒక్కొక్క పెట్టెను ఆరుగురు రుచి చూస్తారు. అది ఎవరు వండినదో వారికి తెలియదు. రూపం, రుచి, మెత్తదనం చూసి మార్కులు వేస్తారు, ఆరింటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన మార్కును తీసేస్తారు, ఒక్కొక్క మాంసానికి గరిష్ఠంగా 180 మార్కులు వస్తాయి.

ఆ ఆరుగురికి ఆరు ముక్కలు చాలు. కాని ఆ ఆరు ముక్కలు సరిగా రావాలంటే పదిహేను పౌన్ల బ్రిస్కెట్ ఒకటి మొత్తం కాల్చాలి, ఒకటి పాడైతే ఆదుకోవడానికి రెండవది కూడా పొయ్యిమీద ఉండాలి. మా పుస్తకంలో మాంసం ఖర్చే ఎప్పుడూ 400 డాలర్లకు తక్కువ లేదు. బొగ్గు, కట్టెలు, మసాలాలు, ఐసు, రేకు, ట్రక్కు డీజిలు, ఉద్యోగానికి పెట్టిన ఒకరోజు సెలవు, ఇవన్నీ కలిపితే ఒక్క వారాంతం తడిసి మోపెడై వెయ్యి దాటిపోతుంది. అందులో మూడవ వంతో అంతకు మించో ఎంట్రీ ఫీజు. మాంసం ధర నచ్చకపోతే నేను ఇంకొక దుకాణానికి వెళతాను. కట్టెలు ఖరీదనిపిస్తే బేరమాడతాను. ఈ ఫీజు ఒక్కటే నెలల ముందు, చూడని స్థలానికి, ఇంకా జరగని కార్యక్రమానికి, బేరానికి తావు లేకుండా కట్టవలసిన డబ్బు. అందుకే దాని విషయంలో మాకు సందేహాలు ఎక్కువ, సందేహం తీర్చవలసిన బాధ్యత పుచ్చుకునే వారి మీద ఎక్కువ.

నిర్వాహకుల పక్షం కూడా నాకు తెలుసు. ఒక స్వచ్ఛంద అగ్నిమాపక దళం కోసం జరిగే పోటీలో రెండేళ్లు కమిటీ సభ్యుడిగా పనిచేశాను. మొదటి సంవత్సరం 38 జట్లు వచ్చాయి, తలకు 275 డాలర్ల లెక్కన 10,450 వసూలైంది. అందులో 7,500 బహుమతులకే పోయింది. మిగిలిన 2,950 తాత్కాలిక కరెంటు పెట్టెలకు, అద్దె మరుగుదొడ్లకే సరిపోలేదు. నియమావళి ఇచ్చే సంస్థకు కట్టవలసిన రుసుము, వారి ప్రతినిధుల ప్రయాణానికి, బసకు అయ్యే ఖర్చు, బీమా, రాత్రి కాపలా, వేడి బూడిద పోయడానికి ఇనుప పీపాలు, జిడ్డు పారబోయడానికి వేరే పీపాలు, ట్రోఫీలు, ఐసు, ఇవన్నీ ఇంకా ఉన్నాయి. ఊళ్లోని ఒక బ్యాంకు, ఒక ట్రాక్టర్ల దుకాణం విరాళాలు ఇవ్వకపోతే ఆ పోటీ వల్ల అగ్నిమాపక దళానికి మేలు జరగకపోగా అప్పు మిగిలేది. న్యాయనిర్ణేతలకు పైసా ఇవ్వలేదు. వారు తమ డబ్బుతో తరగతికి వెళ్లి శిక్షణ పొంది, సభ్యత్వం కట్టి, పెట్రోలు పోసుకుని వచ్చి, ఎండలో కూర్చుని ముక్కలు రుచి చూసి వెళ్లిపోయారు. కాబట్టి 300 డాలర్లు పుచ్చుకున్నవాడు 300 జేబులో వేసుకున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ అంకె దానంతట అది అన్యాయం కాదు. ఒక్కొక్కచోట అది తక్కువ కూడా.

ఆ కమిటీలో కోశాధికారిగా ఉన్న ఆమె ఒక పని చేసేవారు. శుక్రవారం సాయంత్రం వంటవారి సమావేశం మొదలు కాకముందే, గుడారం స్తంభానికి ఒక కాగితం అంటించేవారు. ఫీజుల ద్వారా ఎంత వచ్చింది, విరాళాలు ఎంత, బహుమతులకు ఎంత, మరుగుదొడ్లకు ఎంత, దళానికి మిగిలేది ఎంత, అన్నీ ఆమె చేతిరాతలో ఉండేవి. ఆ కాగితం చూసిన తరువాత ఫీజు గురించి గొణిగినవారిని నేను ఒక్కరినీ చూడలేదు. ఎనిమిదేళ్లలో అలాంటి కాగితం ఇంకెక్కడా నాకు కనబడలేదు. నా బాధ అక్కడ మొదలవుతుంది.

బహుమతి సొమ్ము సంగతి చూడండి. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో 10,000 డాలర్ల బహుమతులు అని ఉంటుంది. ఒకచోట మాకు ఏం జరిగిందంటే, శుక్రవారం సాయంత్రం సమావేశంలో నిర్వాహకుడు నిలబడి, అనుకున్నన్ని జట్లు రాలేదు కనుక మొత్తం 6,000కు తగ్గిస్తున్నామని చెప్పాడు. అప్పటికి మాంసం తనిఖీ అయిపోయింది, మసాలా పట్టించడం అయిపోయింది, కొందరి పొయ్యిలు అప్పటికే రాజుకున్నాయి. ఆ సమయంలో ఎవరు లేచి వెళ్లిపోతారు? జట్లు తగ్గితే ఆదాయం తగ్గుతుందన్నది నిజమే, ఆ నష్టాన్ని జట్లు కూడా కొంత పంచుకోవాలంటే నేను కాదనను. కాని ఆ మాట ఎంట్రీ ఫారం మీదే ఉండాలి. ఇన్ని జట్లు వస్తే ఇంత, ఇంతకు తగ్గితే ఇంత అని రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది. టెక్సాస్‌లో చాలా పోటీలలో జాక్‌పాట్ అని అదనపు విభాగాలు పెడతారు, చిక్కుడు గింజల కూర వంటి వాటికి. అందులో దిగినవారు కట్టిన డబ్బునే పోగుచేసి గెలిచినవారికి పంచుతారు. ఎంతమంది దిగారో కళ్ల ముందే ఉంటుంది, ఎంత వస్తుందో వేళ్ల మీద లెక్క కట్టుకోవచ్చు. ఆ పద్ధతిలో వచ్చేది కొంచెమే అయినా దాని మీద నాకు గౌరవం ఉంది.

కరెంటు సంగతి నేను మరిచిపోలేను. మొదట చెప్పిన 449 డాలర్ల పోటీలోనే, తెల్లవారుజామున రెండు గంటల నలభై నిమిషాలకు, మా పొయ్యికి గాలి ఊదే చిన్న ఫ్యాను శబ్దం ఆగిపోయింది. రాత్రంతా ఆ శబ్దం చెవిలో ఉండి ఉండి, ఆగిన క్షణమే మెలకువ వచ్చింది. థర్మామీటరు మీద అంకె 250 నుంచి 231కి, అక్కడి నుంచి 220కి దిగుతోంది. టార్చిలైటు పట్టుకుని తీగ వెంట నడిచి వెళితే, మూడు ట్రైలర్లకు కలిపి ఒకే సర్క్యూటు ఇచ్చినట్టు తేలింది. పక్క ట్రైలరులో ఏసీ వేసుకోగానే బ్రేకరు పడిపోయింది. కరెంటు పెట్టెకు తాళం వేసి ఉంది. ఫారం మీద ఇచ్చిన నంబరుకు ఏడుసార్లు ఫోను చేసినా ఎవరూ ఎత్తలేదు. ఎదురుగా ఉన్న జట్టు పెద్దాయన ఒక్క మాట అడగకుండా తన జనరేటరు తీగ మా వైపు లాగి ఇచ్చారు. అప్పటికి గంటకు పైగా వేడి పోయింది. ఆ బ్రిస్కెట్‌కు 41 జట్లలో 33వ స్థానం వచ్చింది. మూడు ట్రైలర్ల దగ్గరా 45 చొప్పున, అంటే ఒకే సర్క్యూటుకు 135 డాలర్లు తీసుకున్నారు. తిరిగి ఇవ్వమని మర్యాదగా ఉత్తరం రాస్తే, కరెంటుకు హామీ లేదని ఫారం చివర చిన్న అక్షరాలలో ఉందని జవాబు వచ్చింది. హామీ ఇవ్వలేని దానికి విడిగా ధర కట్టి వసూలు చేయడాన్ని అన్యాయం అనడానికి నాకు ఎలాంటి సంకోచమూ లేదు.

ఇక ప్రేక్షకులకు రుచి చూపించే విభాగం. జనం టికెట్టు కొనుక్కుని జట్ల దగ్గర ముక్కలు తిని, నచ్చినవారికి ఓటు వేస్తారు. మాంసం, బొగ్గు, పని అన్నీ జట్లవే. టికెట్ల డబ్బు నిర్వాహకులది. కొన్నిచోట్ల మాంసం వారే ఇస్తారు, అది న్యాయం. కొన్నిచోట్ల మాంసం కూడా మేమే తేవాలి, ఆ పైన ఆ విభాగంలో చేరినందుకు 25 డాలర్లు కూడా కట్టాలి. ఒకసారి మేము నలభై పౌన్ల పంది భుజం మాంసం వండి పంచాము. సాయంత్రానికి ట్రే అడుగున కారిన రసం తప్ప ఏమీ మిగలలేదు. తిన్నవారి ముఖాలు చూసి కలిగిన సంతోషం నిజమైనది, దాన్ని తక్కువ చేయను. ఆ టికెట్ల ఆదాయం ఒక దాతృత్వ సంస్థకు వెళుతుందని మైకులో పదిసార్లు చెప్పారు. ఎంత వెళ్లిందో మాత్రం ఆ రోజూ చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు. దానం పేరు చెప్పి అడిగినప్పుడు లెక్క చెప్పే బాధ్యత రెట్టింపు అవుతుందే గాని తగ్గదు.

పన్నుల కోణం చాలామంది జట్ల వాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది, నాకూ అలాగే తెలిసింది. గెలిచిన బహుమతి సొమ్ము అమెరికా చట్టం ప్రకారం ఆదాయమే, పన్ను కట్టాలి. వంట మనకు వ్యాపారం కాక అభిరుచి మాత్రమే అయితే, దాని కోసం పెట్టిన ఖర్చును ఆ ఆదాయం లోంచి తీసివేయడానికి 2018 నుంచి ఫెడరల్ పన్నులో వీలు లేదు. అంటే ఏడాదిలో ఆరు పోటీలకు ఫీజులు, మాంసం కలిపి ఆరు వేలు ఖర్చుపెట్టి, ఒకచోట 1,200 గెలిస్తే, మొత్తం మీద నష్టపోయినవాడు కూడా ఆ 1,200 మీద పన్ను కడతాడు. ఇది నిర్వాహకుల తప్పు కాదు. అయినా ఫీజు పెంచే ముందు వారు దీన్ని తెలుసుకోవాలని నా కోరిక, ఎందుకంటే పెరిగిన ప్రతి డాలరూ జట్టు మీద పూర్తి బరువుతో పడుతుంది.

పోటీ రద్దయితే డబ్బు ఏమవుతుందన్నది ఇంకొక ప్రశ్న. ప్రకృతి మీద ఎవరికీ అదుపు లేదు. 2011లో మిసిసిపి నదికి వరదలు వచ్చినప్పుడు, 1978 నుంచి జరుగుతున్న మెంఫిస్ ఇన్ మే ప్రపంచ చాంపియన్‌షిప్ బార్బెక్యూ పోటీని నది ఒడ్డున ఉన్న టామ్ లీ పార్కు నుంచి ఊళ్లోని ఫెయిర్‌గ్రౌండ్స్‌కు తరలించి మరీ జరిపించారు. 2020లో మహమ్మారి వల్ల ఆ పోటీ గాని, కాన్సాస్ సిటీలో 1980లో మొదలైన అమెరికన్ రాయల్ పోటీ గాని జరగలేదు. అప్పటి నుంచే చిన్న పోటీల ఫారాలలో కూడా రద్దు గురించిన వాక్యాలను శ్రద్ధగా చదవడం అలవాటు చేసుకున్నాను. మంచి ఫారాలు మూడు మాటలు సూటిగా చెబుతాయి: ఏ తేదీ లోపు మీరు విరమించుకుంటే ఎంత తిరిగి ఇస్తాము, మేము రద్దు చేస్తే ఎంత ఇస్తాము, అప్పటికే ఖర్చయిపోయిందని చెప్పి ఎంత పట్టుకుంటాము. మిగతావాటిలో ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అనే ఒక్క వాక్యం ఉంటుంది. పోటీకి ఆరు నెలల ముందు, ఇంకా ఒక్క మరుగుదొడ్డి కూడా అద్దెకు తీసుకోకముందే, ఆ వాక్యం అమలులోకి వస్తుంది.

“ఇష్టం లేకపోతే రావద్దు” అనే సమాధానం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, వారాంతానికి ఒక్క పోటీలోనే వండగలం, ట్రైలరు లాగుకుంటూ నాలుగు గంటల దూరం దాటి వెళ్లడం ఉద్యోగస్తులకు కష్టం, వండే కాలం వసంతం నుంచి శరదృతువు దాకా మాత్రమే. అమెరికన్ రాయల్‌లో ఆహ్వానిత జట్ల పోటీకి గాని, టెన్నెసీలోని లించ్‌బర్గ్‌లో 1989 నుంచి జరుగుతున్న జాక్ డేనియల్స్ పోటీకి గాని పిలుపు రావాలంటే ముందు ఇంకెక్కడో గెలిచి ఉండాలి. ఆ కలను మోస్తున్న జట్టుకు దగ్గరలో ఉన్న మూడు నాలుగు పోటీలే దిక్కు. అలాంటివారితో రావద్దని చెప్పడం సులువే గాని, వారి ముందున్న దారులు నిజంగా ఎన్ని అని కూడా చూడాలి.

ఎంచుకోవడానికి నిజంగా రెండు దారులు ఉన్నప్పుడు ఎలా ఉంటుందో 2024లో మెంఫిస్‌లో కనిపించింది. కొత్తగా తీర్చిదిద్దిన టామ్ లీ పార్కు విషయంలో, పార్కుకు జరిగిన నష్టం ఎవరు భరించాలన్న దగ్గర వివాదాలు ముదిరి, మెంఫిస్ ఇన్ మే పోటీ లిబర్టీ పార్కుకు తరలిపోయింది. అదే వారాంతంలో టామ్ లీ పార్కులో స్మోక్‌స్లామ్ అనే కొత్త పోటీ మొదలైంది, దాని బహుమతుల మొత్తం 2,50,000 డాలర్లని ముందే ప్రకటించారు. అక్కడ స్థలం విస్తీర్ణాన్ని బట్టి జట్లు వేల డాలర్లు కడతాయి, గుడారాలు మేడల్లాగా లేస్తాయి, కంపెనీలు వెనక ఉంటాయి, మా వంటి నలుగురి జట్టుకు అది వేరే లోకం. అయినా ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి స్థలం, ఫీజు, బహుమతి మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం జట్లకు దొరికింది. చిన్న ఊళ్లలో ఆ అవకాశం లేదు కాబట్టి, అక్కడ నిర్వాహకులు తమంతట తాము చెప్పాలి.

ఈ సంవత్సరం మొదట్లో, ఏ ఫారమూ నింపకముందు, మేము వెళ్లదలచుకున్న ఐదు పోటీలకు ఒకే ఉత్తరం రాశాను. కరెంటు, స్థలం, ముందుగా రావడం అన్నీ కలుపుకుని మా జట్టు చివరికి కట్టవలసిన మొత్తం ఎంత, జట్లు తగ్గితే బహుమతి సొమ్ము ఎలా మారుతుంది, పోటీ రద్దయితే ఎంత తిరిగి వస్తుంది అని మూడే ప్రశ్నలు అడిగాను. ఇద్దరు జవాబు ఇవ్వలేదు. ఒకరు ఫారం చదువుకోమన్నారు. ఇంకొకరు మొదటి ప్రశ్నకు మాత్రం చెప్పి, మిగతా రెండింటికీ కమిటీని అడిగి రాస్తామన్నారు, ఇంకా రాయలేదు. ఐదవవారు మరునాడే ఒక పేజీ పంపారు. ఎంట్రీ ఫీజు 350, మిగతా నాలుగు పోటీలన్నిటికంటే ఎక్కువ. కరెంటు అందులోనే, రెండు ట్రైలర్లకు ఒక సర్క్యూటు, పెట్టె తాళం రాత్రంతా కాపలా మనిషి దగ్గర ఉంటుంది, అతని ఫోను నంబరు ఇదీ అని రాశారు. 30 జట్లకు తగ్గితే బహుమతి సొమ్ములో ఎంత కోత పడుతుందో స్థానాల వారీగా రాశారు. కిందటి ఏడాది ఆదాయం, ఖర్చు, ఊరి గ్రంథాలయానికి ఇచ్చిన మొత్తం చివరన ఉన్నాయి. ఆ రాత్రే మా నలుగురం ఫోనులో మాట్లాడుకుని, 350 డాలర్లు కట్టేశాము. ఫారంలో ఇంకే అదనపు గడీ నింపమని అడగలేదు.